డషీల్ హామెట్

శామ్యూల్ డషీల్ హామెట్ (మే 27, 1894 - జనవరి 10, 1961) ప్రసిద్ధ అమెరికన్ అపరాధ పరిశోధక నవలా రచయిత. సామ్ స్పేడ్, కాంటినెంటల్ ఆప్, నిక్ - నోరా చార్లెస్ దంపతులు ఈయన సృష్టించిన ముఖ్య పాత్రలు. డిటెక్టివ్ ఉద్యోగం నిజంగా చేసి, ఆ తరువాత డిటెక్టివ్ కథలు వ్రాసిన అతికొద్ది మంది రచయితలలో ఈయన ఒకడు. ఆంగ్లంలో 'హార్డ్ బాయిల్డ్' అని పిలువబడే కఠిన వాస్తవిక శైలిలోని డిటెక్టివ్ సాహిత్యానికి ఈయనను ఆద్యులలో ప్రముఖుడిగా పరిగణిస్తారు. హామెట్ వ్రాసిన నవలలు అయిదు మాత్రమే. అవన్నీ 1929 - 1934 మధ్యకాలంలో వెలువడ్డాయి. ఆ తరువాత 27 సంవత్సరాలు జీవించినా మరొక నవలను పూర్తి చేయలేదు. 1951లో న్యాయస్థానంలో కొందరి పేర్లు చెప్పడానికి నిరాకరించి కారాగార శిక్ష అనుభవించాడు.

బాల్యం

హామెట్ అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం, సెయింట్ మేరీస్ కౌంటీలో ఒక వ్యవసాయ క్షేత్రంలో జన్మించాడు. తండ్రి రిచర్డ్ థామస్ హామెట్, తల్లి యాన్ బాండ్ డషీల్. 'డషీల్' అనేది తల్లి పుట్టింటి పేరు. ఫ్రెంచి మూలం గల ఈ పేరులో రెండవ అక్షరాన్ని ఒత్తి పలకాలి. కుటుంబ సభ్యులు ఈయనను 'సామ్' అని పిలిచేవారు. తరువాతి కాలంలో తన అత్యంత ప్రసిద్ధ పాత్రకు హామెట్ ఈ పేరే పెట్టాడు.

బాల్యం బాల్టిమోర్, ఫిలడెల్ఫియా నగరాలలో గడిచింది. కుటుంబ ఆర్థిక పరిస్థితి బాగుండక పోవడంతో బాల్టిమోర్ పాలిటెక్నిక్ లో చేరిన కొద్ది నెలలకే చదువు మానివేసి, రైల్వే కంపెనీలో వార్తాహరుడిగాను, ఆ తరువాత అనేక చిన్న ఉద్యోగాలలోను పనిచేశాడు. పాఠశాల చదువు అంతటితో ముగిసినా, గ్రంథాలయాలలో పుస్తకాలు చదివే అలవాటు జీవితాంతం కొనసాగింది.

పింకర్టన్ సంస్థలో ఉద్యోగం

1915లో హామెట్ పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీ బాల్టిమోర్ శాఖలో పరిశోధకుడిగా చేరాడు. అలన్ పింకర్టన్ 19వ శతాబ్దం మధ్యకాలంలో షికాగోలో స్థాపించిన ఈ సంస్థ అప్పటికి దేశమంతటా శాఖలు గల పెద్ద ప్రైవేటు పరిశోధక సంస్థ. తెరచి ఉన్న కన్ను దీని చిహ్నం. దొంగలను, మోసగాళ్ళను వెంబడించడంతో పాటు, గనులు, కర్మాగారాల యజమానుల తరఫున కార్మికుల సమ్మెలను భగ్నం చేయడం కూడా ఈ సంస్థ వ్యాపారంలో భాగం. 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారం వద్ద సమ్మె కార్మికులకు, పింకర్టన్ మనుషులకు మధ్య జరిగిన కాల్పులు అమెరికా కార్మికోద్యమ చరిత్రలో ముఖ్య ఘట్టం.

ఈ ఉద్యోగంలో హామెట్ నేర్చుకున్నవి ప్రధానంగా మూడు పనులు: మనిషికి తెలియకుండా వెంబడించడం, తెలియని వారితో మాటలు కలిపి విషయం రాబట్టడం, చూసినదానిని చూసినట్లు క్లుప్తంగా నివేదిక వ్రాయడం. తరువాతి కాలంలో ఈయన వచనంలో కనిపించే పొదుపుకు ఈ నివేదికల అలవాటు కూడా ఒక కారణమని విమర్శకులు భావిస్తారు.

1923లో 'ద స్మార్ట్ సెట్' పత్రికలో ఈయన ఉద్యోగ జ్ఞాపకాలను చిన్న చిన్న అంశాలుగా ప్రచురించాడు. వాటిలో ఒకదాని ప్రకారం, ఒక పోలీసు అధికారి వెతకవలసిన మనిషి ఆనవాళ్ళను మెడ మీది పుట్టుమచ్చతో సహా వివరించాడు గాని, ఆ మనిషికి ఒక చెయ్యి లేదన్న సంగతి చెప్పడం మరచిపోయాడు. జెయింట్ వీల్ ను దొంగిలించిన మనిషి ఒకడు తనకు తెలుసునని మరొక చోట వ్రాశాడు. నిజమైన పరిశోధనలో అద్భుతమైన తర్కం కంటే ఓపిక, అదృష్టం, ఎదుటివారి తెలివితక్కువతనం ఎక్కువగా పనిచేస్తాయన్నది ఈ జ్ఞాపకాల సారాంశం.

ఫ్రాంక్ లిటిల్ ఉదంతం

1917 ఆగష్టు 1న మోంటానా రాష్ట్రంలోని బ్యూట్ రాగి గనుల పట్టణంలో ఫ్రాంక్ లిటిల్ అనే కార్మిక నాయకుడిని ముసుగులు ధరించిన వ్యక్తులు బసనుండి ఎత్తుకుపోయి ఉరితీశారు. ఆ సమయంలో లిటిల్ ను చంపడానికి ఒక గని కంపెనీ అధికారి తనకు 5,000 డాలర్లు ఇవ్వజూపాడని హామెట్ చెప్పినట్లు లిలియన్ హెల్‌మన్ తన జ్ఞాపకాలలో వ్రాసింది. దీనికి ఆమె మాట తప్ప వేరే ఆధారం లేదు, హెల్‌మన్ జ్ఞాపకాల విశ్వసనీయతపై విమర్శలూ ఉన్నాయి. కాని మోంటానా గనుల పట్టణాల వాతావరణం హామెట్ మొదటి నవలకు నేపథ్యమైందన్న విషయంలో భిన్నాభిప్రాయాలు లేవు.

సైన్యం, క్షయవ్యాధి, వివాహం

1918లో హామెట్ అమెరికా సైన్యంలో చేరి మోటారు అంబులెన్సు దళంలో పనిచేశాడు. విదేశాలకు వెళ్ళకుండానే, అప్పుడు ప్రపంచమంతా వ్యాపించిన స్పానిష్ ఫ్లూ బారిన పడ్డాడు. అది క్షయవ్యాధిగా పరిణమించడంతో 1919లో సైన్యం నుండి విడుదల చేశారు. 1920లో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ కు వెళ్ళి తిరిగి పింకర్టన్ లో చేరాడు గాని, వ్యాధి తిరగబెట్టి టకోమాలోని ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. అక్కడ నర్సుగా పనిచేస్తున్న జోసెఫీన్ డోలన్ (జోస్) తో పరిచయమైంది. 1921 జులై 7న శాన్ ఫ్రాన్సిస్కోలో వారికి వివాహమైంది. వీరికి మేరీ (జననం 1921), జోసెఫీన్ (జననం 1926) అనే ఇద్దరు కుమార్తెలు.

క్షయ అంటువ్యాధి కనుక భార్యాపిల్లలు తనతో ఒకే ఇంట్లో ఉండరాదని ఆరోగ్యశాఖ వారు చెప్పడం వలన హామెట్ చాలాకాలం విడిగా గదులు అద్దెకు తీసుకొని ఉండవలసి వచ్చింది. తరువాత ఈ ఎడబాటు శాశ్వతమైంది.

రచనా వ్యాసంగం

ఆరోగ్యం సహకరించక 1922 ప్రారంభంలో పింకర్టన్ ఉద్యోగాన్ని వదలివేశాడు. ఎక్కువసేపు నడవలేని మనిషికి ఇంట్లో కూర్చొని చేయగల పనిగా రచన కనిపించింది. మొదటి రచన 1922 అక్టోబరులో 'ద స్మార్ట్ సెట్' లో వెలువడింది. తరువాత 'బ్లాక్ మాస్క్' పత్రికకు వ్రాయసాగాడు. ఇది చౌక కాగితంపై అచ్చయ్యే 'పల్ప్' పత్రికలలో ఒకటి. ఇటువంటి పత్రికలు మాటల లెక్కన రచయితలకు పారితోషికం ఇచ్చేవి.

1923 అక్టోబరులో పీటర్ కాలిన్సన్ అనే కలం పేరుతో ప్రచురించిన కథతో 'కాంటినెంటల్ ఆప్' పాత్ర ప్రవేశించింది. 'ఆప్' అంటే ఏజెన్సీ పరిశోధకుడు. కథలన్నీ తానే చెప్పే ఈ పాత్రకు పేరు లేదు. పొట్టిగా, లావుగా, నడివయసులో ఉండే ఈ మనిషి జీతం కోసం పనిచేస్తాడు. షెర్లాక్ హోమ్స్ వలె ఇతడికి అసాధారణ ప్రజ్ఞ లేదు. వీధులు తిరిగి, అబద్ధాలు విని, అవసరమైతే తానూ అబద్ధాలు చెప్పి కేసును ఒక కొలిక్కి తెస్తాడు.

పారితోషికం చాలక 1926లో కథలు వ్రాయడం ఆపి, శాన్ ఫ్రాన్సిస్కోలోని ఆల్బర్ట్ శామ్యూల్స్ నగల దుకాణంలో ప్రకటనలు వ్రాసే ఉద్యోగంలో చేరాడు. కొద్ది నెలలకే కార్యాలయంలో రక్తం కక్కుకొని పడిపోయాడు. అదే సంవత్సరం చివరలో బ్లాక్ మాస్క్ సంపాదకుడైన జోసెఫ్ షా ఈయనను తిరిగి పిలిచి పెద్ద కథలు వ్రాయమని ప్రోత్సహించాడు. ఈ ప్రోత్సాహం నుండే నవలలు పుట్టాయి.

నవలలు

రెడ్ హార్వెస్ట్ (1929)
'ఎర్ర పంట' అని దీనికి అర్థం. పర్సన్‌విల్ అనే గనుల పట్టణంలో కథ జరుగుతుంది. స్థానికులు దీనిని విషపు ఊరు అనే అర్థం వచ్చేలా 'పాయిజన్‌విల్' అని పలుకుతారు. సమ్మెను అణచడానికి గని యజమాని ఎలిహు విల్సన్ రౌడీలను రప్పిస్తాడు. సమ్మె ముగిసినా రౌడీలు వెళ్ళిపోరు, ఊరు వారి వశమవుతుంది. ఊరిని శుభ్రం చేయడానికి పూనుకున్న కాంటినెంటల్ ఆప్ ముఠాల మధ్య తగవులు పెట్టి ఒకరి చేత మరొకరిని చంపిస్తాడు. ఈ క్రమంలో తనకు కూడా హత్యల రుచి మరుగుతున్నదని గ్రహించి భయపడతాడు. యజమానుల తరఫున పనిచేసిన సంస్థలో ఉద్యోగం చేసిన మనిషి ఈ నవలను వ్రాయడం గమనించదగినది.

ద డెయిన్ కర్స్ (1929)
తన వంశానికి శాపం ఉన్నదని నమ్మే గాబ్రియేల్ లెగెట్ అనే యువతి కథ. ఇందులో కూడా కాంటినెంటల్ ఆప్ పరిశోధకుడు. అయిదు నవలలలో బలహీనమైనదిగా దీనిని భావిస్తారు. నగల దుకాణం యజమాని శామ్యూల్స్ కు ఈ నవలను అంకితమిచ్చాడు.

ద మాల్టీస్ ఫాల్కన్ (1930)
హామెట్ నవలలలో అత్యంత ప్రసిద్ధమైనది. 1929 సెప్టెంబరు నుండి 1930 జనవరి వరకు బ్లాక్ మాస్క్ లో ధారావాహికగా వచ్చింది. 1530లో చక్రవర్తి అయిదవ చార్లెస్ మాల్టా ద్వీపాన్ని సెయింట్ జాన్ వీరుల సంఘానికి ఇచ్చి, ఏటా ఒక డేగను కప్పంగా కోరాడన్న చారిత్రక విషయం ఆధారంగా, రత్నాలు పొదిగిన బంగారు డేగ బొమ్మను హామెట్ కల్పించాడు. దాని కోసం వెంపర్లాడే గట్‌మన్, కైరో, బ్రిజిడ్ ల మధ్య శాన్ ఫ్రాన్సిస్కో డిటెక్టివ్ సామ్ స్పేడ్ చిక్కుకుంటాడు. చివరికి దొరికిన డేగ సీసంతో చేసిన నకిలీది. తన భాగస్వామి మైల్స్ ఆర్చర్ ను చంపినది బ్రిజిడ్ అని తేల్చి, తాను ఇష్టపడిన ఆమెను స్పేడ్ పోలీసులకు అప్పగిస్తాడు.

ఈ నవల మధ్యలో స్పేడ్ చెప్పే ఒక చిన్న ఉపకథ విమర్శకులను ఎంతగానో ఆకర్షించింది. టకోమాకు చెందిన ఫ్లిట్‌క్రాఫ్ట్ అనే గృహస్థు పక్కన, కట్టడంలో ఉన్న భవనం నుండి ఒక దూలం పడుతుంది. వెంట్రుకవాసిలో చావు తప్పిన అతడు, జీవితం తాననుకున్నంత క్రమబద్ధమైనది కాదని గ్రహించి, ఇల్లు వదలి వెళ్ళిపోతాడు. కొన్నేళ్ళ తరువాత చూస్తే స్పోకేన్ లో మునుపటి వంటి కాపురమే చేసుకుంటూ ఉంటాడు.

ద గ్లాస్ కీ (1931)
ఎన్నికల రాజకీయాల నేపథ్యంలో సాగే నవల. ఇందులో కథానాయకుడు నెడ్ బోమాంట్ వృత్తి డిటెక్టివ్ కాదు, జూదరి, రాజకీయ నాయకుడైన పాల్ మాడ్విగ్ కు అనుచరుడు. హత్యానేరం మోపబడిన మిత్రుడి కోసం తన్నులు తిన్నా నోరు విప్పడు. తన నవలలలో హామెట్ కు బాగా నచ్చినది ఇదేనని చెబుతారు.

ద థిన్ మాన్ (1934)
నిక్, నోరా చార్లెస్ దంపతుల హాస్య సంభాషణలతో సాగే తేలికైన నవల. 'సన్నని మనిషి' అన్న పేరు నవలలో కనిపించకుండా పోయిన శాస్త్రజ్ఞుడు క్లైడ్ వైనంట్ కు చెందినది. కాని తరువాతి సినిమాల పేర్ల వలన అది నిక్ చార్లెస్ బిరుదుగా ప్రచారమయింది.

రచనా శైలి

అప్పటివరకు డిటెక్టివ్ నవల ఎక్కువగా పాఠకుడికి, రచయితకు మధ్య జరిగే తెలివి పోటీగా ఉండేది. హత్య ఒక పొడుపుకథ వంటిది. హామెట్ కథలలో హత్యకు డబ్బు, అధికారం, భయం వంటి మామూలు కారణాలు ఉంటాయి. పోలీసులు, న్యాయవాదులు, రాజకీయ నాయకులు నేరానికి వెలుపల ఉండరు. 1944లో రేమండ్ చాండ్లర్ డిటెక్టివ్ కథలపై వ్రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, హత్యను నిజంగా హత్యలు చేసే మనుషుల చేతికి తిరిగి అప్పగించిన రచయితగా హామెట్ ను ప్రశంసించాడు.

'ద మాల్టీస్ ఫాల్కన్', 'ద గ్లాస్ కీ' నవలలలో ఈయన ఒక కఠిన నియమం పాటించాడు. పాత్రల ఆలోచనలను ఎక్కడా చెప్పడు. వారు ఏమి చేశారు, ఏమన్నారు, ముఖం ఎలా ఉన్నది అన్న విషయాలు మాత్రమే చెబుతాడు. స్పేడ్ సిగరెట్టు చుట్టుకునే తీరును వివరంగా వర్ణిస్తాడు గాని, అప్పుడు అతడి మనసులో ఏమున్నదో తెలియనివ్వడు. అందువలన స్పేడ్ మంచివాడా, చెడ్డవాడా అన్న సందేహం చివరి అధ్యాయం వరకు నిలుస్తుంది.

హాలీవుడ్, లిలియన్ హెల్‌మన్

1930లో హాలీవుడ్ లో హామెట్ కు లిలియన్ హెల్‌మన్ తో పరిచయమైంది. వారి అనుబంధం ఒడుదుడుకులతో హామెట్ మరణం వరకు సాగింది. హెల్‌మన్ ను నాటక రచయిత్రిగా తీర్చిదిద్దడంలో హామెట్ పాత్ర పెద్దది. ఆమె తొలి విజయం 'ద చిల్డ్రన్స్ అవర్' (1934) కు ఇతివృత్తాన్ని సూచించినది ఈయనే. 'ద థిన్ మాన్' ను ఈయన ఆమెకు అంకితమిచ్చాడు. ఆమె నాటకం 'వాచ్ ఆన్ ద రైన్' కు ఈయన వ్రాసిన స్క్రీన్‌ప్లే (1943) ఆస్కార్ కు నామినేట్ అయ్యింది.

1934లో అలెక్స్ రేమండ్ బొమ్మలతో వచ్చిన 'సీక్రెట్ ఏజెంట్ ఎక్స్-9' అనే వార్తాపత్రిక బొమ్మల కథకు కూడా హామెట్ మొదట కథనం అందించాడు. 'థిన్ మాన్' పాత్రల హక్కులకు ఎం.జి.ఎం. సంస్థ 1937లో 40,000 డాలర్లు చెల్లించింది. ఆదాయం పెరిగిన కొద్దీ మద్యపానం, జూదం, దానాలు కూడా పెరిగాయి. నవలల రచన మాత్రం ఆగిపోయింది. చెప్పినదే మళ్ళీ చెబుతున్నానని అనిపించి మానివేశానని 1956లో ఒక ఇంటర్వ్యూలో వివరించాడు.

రాజకీయాలు, రెండవ ప్రపంచ యుద్ధం

1930 దశకంలో హామెట్ వామపక్ష ఉద్యమాలలో చురుకుగా పాల్గొన్నాడు. 1937లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. స్టాలిన్ ప్రభుత్వం జరిపిన మాస్కో విచారణలను సమర్థిస్తూ 1938లో అమెరికన్ రచయితలు, కళాకారులు విడుదల చేసిన ప్రకటనపై ఈయన కూడా సంతకం చేశాడు. ఇది తరువాతి కాలంలో తీవ్ర విమర్శకు గురయింది.

1942లో 48 ఏళ్ళ వయసులో, క్షయ రోగి అయి ఉండి కూడా, సాధారణ సైనికుడిగా తిరిగి సైన్యంలో చేరాడు. అలాస్కాకు చెందిన అల్యూషియన్ దీవులలో ఆడక్ అనే చోట 'ద ఆడకియన్' అనే సైనిక దినపత్రికను స్థాపించి నడిపాడు. 1945లో సార్జెంటుగా విడుదలయ్యాడు.

కారాగార శిక్ష

యుద్ధానంతరం హామెట్ సివిల్ రైట్స్ కాంగ్రెస్ అనే సంస్థలో పనిచేస్తూ, దాని బెయిలు నిధికి ధర్మకర్తలలో ఒకడయ్యాడు. 1949లో స్మిత్ చట్టం క్రింద శిక్ష పడిన 11 మంది కమ్యూనిస్టు నాయకులకు ఈ నిధి నుండి 2,60,000 డాలర్ల బెయిలు చెల్లించారు. అప్పీలు వీగిపోయిన తరువాత, 1951 జులైలో వారిలో నలుగురు లొంగిపోకుండా అజ్ఞాతంలోకి వెళ్ళారు. వారి ఆచూకీ కోసం, నిధికి విరాళాలు ఇచ్చినవారి పేర్లు చెప్పమని న్యాయస్థానం హామెట్ ను ఆదేశించింది.

జులై 9న జరిగిన విచారణలో ఈయన అమెరికా రాజ్యాంగపు అయిదవ సవరణను ఉటంకిస్తూ వరుసగా ప్రశ్నలన్నింటికీ సమాధానం నిరాకరించాడు. కోర్టు ధిక్కారం క్రింద ఆరు నెలల శిక్ష విధించారు. న్యూయార్క్ లోను, కెంటకీ రాష్ట్రంలోని ఆష్‌లాండ్ జైలులోను సుమారు అయిదు నెలలు గడిపి, అదే సంవత్సరం డిసెంబరులో విడుదలయ్యాడు. హెల్‌మన్ వ్రాసినదాని ప్రకారం, హామెట్ ఆ సంస్థ కార్యాలయంలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు, దాతలలో ఒక్కరి పేరు కూడా ఆయనకు తెలియదు. 'నాకు తెలియదు' అన్న ఒక్కమాటతో బయటపడే అవకాశం ఉన్నా, ఆ ప్రశ్న అడిగే హక్కును ఒప్పుకోవడం ఇష్టం లేక ఆ మాట అనలేదని ఆమె అభిప్రాయం. ఇరవై ఏళ్ళ క్రితం 'ద గ్లాస్ కీ' లో నెడ్ బోమాంట్ పాత్రకు ఇచ్చిన స్వభావాన్ని చాలామంది జీవితచరిత్రకారులు ఇక్కడ గుర్తుచేస్తారు.

1953 మార్చిలో సెనేటర్ జోసెఫ్ మెకార్తీ ఉపసంఘం ఎదుట కూడా హాజరు కావలసి వచ్చింది. విదేశాలలోని అమెరికా ప్రభుత్వ గ్రంథాలయాలలో కమ్యూనిస్టుల పుస్తకాలు ఉంచడం సబబా అని మెకార్తీ అడిగినప్పుడు, కమ్యూనిజంతో పోరాడడమే తన పని అయితే ప్రజలకు అసలు ఏ పుస్తకాలూ ఇవ్వనని హామెట్ బదులిచ్చాడు.

సామ్ స్పేడ్ పాత్రపై వ్యాజ్యం

1930లో హామెట్ 'ద మాల్టీస్ ఫాల్కన్' సినిమా హక్కులను వార్నర్ బ్రదర్స్ సంస్థకు 8,500 డాలర్లకు అమ్మాడు. తరువాత సామ్ స్పేడ్ పాత్రతో కొత్త కథలను రేడియోలో ప్రసారం చేయడానికి సి.బి.ఎస్. కు అనుమతి ఇచ్చినప్పుడు, పాత్ర కూడా తమదేనంటూ వార్నర్ సంస్థ దావా వేసింది. నవల హక్కులు అమ్మినంత మాత్రాన, ఆ పాత్రలతో వేరే కథలు వ్రాసుకునే హక్కును రచయిత కోల్పోడని 1954లో అప్పీలు న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. కాపీహక్కుల చట్టంలో ఈ తీర్పును తరచుగా ఉదహరిస్తారు. కాని ఆ గెలుపు వచ్చేనాటికి స్పేడ్ రేడియో కార్యక్రమం ఆగిపోయింది.

చివరి రోజులు

జైలు నుండి వచ్చేసరికి హామెట్ పాత్రల ఆధారంగా నడిచిన మూడు రేడియో కార్యక్రమాలూ ముగిసిపోయాయి. ఆదాయపు పన్ను శాఖ లక్ష డాలర్లకు పైగా బకాయి ఉన్నదని ఈయన రాబడిని స్వాధీనం చేసుకున్నది. న్యూయార్క్ సమీపంలోని కటోనాలో స్నేహితులు అద్దె లేకుండా ఇచ్చిన చిన్న ఇంట్లో కొన్నేళ్ళు ఒంటరిగా గడిపాడు. అక్కడ మొదలుపెట్టిన 'ట్యూలిప్' అనే స్వీయచరిత్ర వంటి నవల అసంపూర్ణంగా మిగిలిపోయింది. చివరి సంవత్సరాలలో హెల్‌మన్ ఇంట్లో ఉంటూ, ఊపిరితిత్తుల కాన్సర్ తో 1961 జనవరి 10న న్యూయార్క్ లోని లెనాక్స్ హిల్ ఆసుపత్రిలో మరణించాడు.

రెండు ప్రపంచ యుద్ధాల కాలంలోను సైన్యంలో పనిచేసినందున, ఈయన కోరిక ప్రకారం ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఖననం చేశారు.

సినిమాలు

'ద మాల్టీస్ ఫాల్కన్' మూడుసార్లు సినిమాగా వచ్చింది (1931, 1936, 1941). వీటిలో జాన్ హ్యూస్టన్ తొలిసారిగా దర్శకత్వం వహించగా హంఫ్రీ బోగార్ట్ స్పేడ్ గా నటించిన 1941 చిత్రం సుప్రసిద్ధం. విలియం పావెల్, మిర్నా లాయ్ నటించిన 'ద థిన్ మాన్' (1934) తరువాత 1947 వరకు మరో అయిదు చిత్రాలు వచ్చాయి. 'ద గ్లాస్ కీ' రెండుసార్లు (1935, 1942) చిత్రంగా వచ్చింది. అకిరా కురొసావా జపనీస్ చిత్రం 'యొజింబొ' (1961) కథకు, 'రెడ్ హార్వెస్ట్' కు మధ్య పోలికలను పలువురు విమర్శకులు ఎత్తిచూపారు.

గుర్తింపు

* 1998లో మోడర్న్ లైబ్రరీ ప్రకటించిన 20వ శతాబ్దపు వంద ఉత్తమ ఆంగ్ల నవలల జాబితాలో 'ద మాల్టీస్ ఫాల్కన్' కు 56వ స్థానం లభించింది.
* 2005లో టైమ్ పత్రిక ఎంపిక చేసిన వంద ఆంగ్ల నవలలలో 'రెడ్ హార్వెస్ట్' ఒకటి.
* శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక వీధికి 1988లో హామెట్ పేరు పెట్టారు. నవలలో మైల్స్ ఆర్చర్ హత్య జరిగిన చోటును సూచిస్తూ బరిట్ వీధి వద్ద ఒక ఫలకం ఉన్నది. ఎన్నడూ జీవించని మనిషి మరణానికి ఏర్పాటైన స్మారకం ఇది.
* నేర సాహిత్యంలో ఉత్తమ గ్రంథానికి ఇచ్చే హామెట్ ప్రైజ్ ఈయన పేరు మీద ఏర్పడింది.